పాత కూర్పుకు కొత్త సవరణ: సంఖ్య ఒక్కటే చాలునా?

పాఠ్యపుస్తకములో ఒక తప్పు దొర్లినదనుకొందాము. మరుసటి ముద్రణలో ప్రచురణకర్తలు దానిని దిద్దుతారు. కాని చౌడేపల్లె వంటి ఊరి హైస్కూలులో పిల్లల చేతులలో వున్నది పాత ముద్రణయే కావచ్చు. అప్పుడు ఉపాధ్యాయుడు ఏమి చేస్తాడు? కొత్త ముద్రణను తెప్పించి, దిద్దిన వాక్యమును చూచి, పాత పుస్తకములో ఆ చోట ఒక చీటీ అంటిస్తాడు.

ఇంతవరకు చిక్కు లేదు. కాని పాత ముద్రణలో వాక్యముల కూర్పు వేరు. కొత్త వాక్యమును ఉన్నదున్నట్లు దించితే ముందు వెనుకలతో పొసగకపోవచ్చు. అందుచేత ఉపాధ్యాయుడు రెండు మాటలు అటు ఇటు మార్చి అంటిస్తాడు. కొన్నాళ్లకు ఆయనకు బదిలీ అవుతుంది. ఆ స్థానములోకి వచ్చిన వారు చీటీని చూస్తారు. ఇది ఎక్కడి నుండి వచ్చినది? ఇందులో గ్రంథకర్త మాట ఏది? అంటించినవారి మాట ఏది? చీటీ మీద ఆ సంగతి వ్రాసి వుంటేనే వారికి తెలుస్తుంది, లేకపోతే లేదు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసే వారికి ఈ సమస్య నిత్యము ఎదురవుతూనే వున్నది. దానికి వారు కొన్ని మర్యాదలు ఏర్పరచుకొన్నారు. ఆ మర్యాదలు ఏమిటి, వాటిలో మెచ్చదగినది ఎంత, లోపము ఎంత అని పరిశీలించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట కొన్ని మాటలకు అర్థము చెప్పుకొందాము. మూలపాఠము అందరూ చదువుటకు, దిద్దుటకు వీలుగా వుంచిన ప్రోగ్రామును ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము అంటారు. దానిలో చేసే చిన్న సవరణకు ప్యాచి అని పేరు. చిరిగిన బట్టకు వేసే మాసిక వంటిదన్నమాట. ఆ సవరణను మూలపాఠపు చరిత్రలో శాశ్వతముగా నమోదు చేస్తే అది కమిట్ అవుతుంది. ప్రతి కమిట్‌తోను చేసినవారు ఒక వివరణ వ్రాస్తారు: ఏమి మార్చినారు, ఎందుకు మార్చినారు అని. దానిని కమిట్ సందేశము అంటారు. కొత్త కూర్పులో చేసిన సవరణను ఇంకా వాడుకలో వున్న పాత కూర్పుకు తెచ్చి అతికించడము బ్యాక్‌పోర్టు. సవరణ మొదట చేరే ప్రధాన ధారను అప్‌స్ట్రీమ్, అనగా ఎగువ, అంటారు. పాత కూర్పులు దిగువన వున్నవి. ఎగువపల్లె, దిగువపల్లె అని పేర్లు పెట్టుకొన్న మన ప్రాంతములవారికి ఈ మాట కొత్తగా తోచదు.

పాత కూర్పులను అసలు ఎందుకు వుంచుకోవాలి, అందరూ కొత్తదే వాడరాదా అని విద్యార్థులు అడగవచ్చు. ఆస్పత్రిలోని యంత్రమును, బ్యాంకులోని యంత్రమును, బడిలోని పాత కంప్యూటరును నెలకొకసారి మార్చుట కుదరదు. కొత్త కూర్పులో కొత్త సౌకర్యములతో పాటు కొత్త తప్పులు కూడ వస్తాయి. అందుచేత కొన్ని కూర్పులను సంవత్సరముల తరబడి నిలిపి, వాటిలో కొత్త సౌకర్యములేవీ చేర్చక, దోషములు మాత్రము దిద్దుతూ వుంటారు. సామాన్యుని యంత్రములో పనిచేసేది సాధారణముగా ఇట్టి నిలిపిన కూర్పే. కనుక బ్యాక్‌పోర్టు సరిగా జరిగినదా లేదా అన్నది ప్రోగ్రాములు వ్రాసేవారి ఇంటి వ్యవహారము మాత్రమే కాదు.

ఈ పనిని పెద్ద ఎత్తున జరిపేవారిలో ముఖ్యులు లైనక్స్ కెర్నెల్ నిర్వాహకులు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన ఈ కెర్నెల్‌కు నిలకడ శాఖ ఒకటి 2005 మార్చిలో ఏర్పడినది. గ్రెగ్ క్రో-హార్ట్‌మన్, క్రిస్ రైట్ దానిని మొదలు పెట్టినారు. మరుసటి నెలలోనే టోర్వాల్డ్స్ గిట్ అనే పనిముట్టును తయారుచేసినాడు. గిట్‌లో ప్రతి కమిట్‌కు ఒక గుర్తింపు సంఖ్య వుంటుంది. అంకెలు, ఆంగ్ల అక్షరములలో మొదటి ఆరు కలిపి 40 గుర్తుల పొడవు. కమిట్‌లో ఒక్క అక్షరము మారినా ఆ సంఖ్య మారిపోతుంది.

నిలకడ శాఖకు వ్రాతపూర్వకమైన నిబంధనలు వున్నవి. సవరణ ముందుగా ఎగువ ధారలో చేరి వుండాలి. లేదా దానికి సమానమైనది అక్కడ వుండాలి. సందర్భము కొరకు చూపే పంక్తులతో కలిపి నూరు పంక్తులకు మించరాదు. చూడగానే సరియైనదని తోచాలి, పరీక్షించి వుండాలి. దిగువ కూర్పుకు పంపేటప్పుడు సందేశము తలమీద ఇది ఎగువన ఫలానా సంఖ్య గల కమిట్ అని ఒక పంక్తి వ్రాయాలి. ఇవిగాక ఎగువ సవరణలో ఫిక్సెస్ అన్న శీర్షికతో మరొక పంక్తి వుంటుంది. ఈ తప్పును మొదట తెచ్చిపెట్టిన కమిట్ ఏదో దాని సంఖ్యలోని మొదటి 12 గుర్తులతో, దాని శీర్షికతో అక్కడ చెబుతారు.

ఈ చివరి నిబంధన ఎంత యోగ్యమైనదో చూడండి. తప్పు ఏ కూర్పులో ప్రవేశించినదో తెలిసినందున, సవరణ ఏ కూర్పులకు కావాలో, ఏ కూర్పులకు అక్కరలేదో వెంటనే తేలిపోతుంది. తప్పు పుట్టక ముందరి కూర్పుకు మందు వేయనక్కరలేదు గదా! ఎగువన లేనిది దిగువకు రారాదన్న నియమము కూడ గట్టిదే. ఆ నియమము లేకపోతే పాత కూర్పులో దిద్దిన తప్పు కొత్త కూర్పులో మిగిలిపోయి, కూర్పు మార్చుకొన్నవానికి మరల ఎదురవుతుంది.

ఎగువవారితో సంబంధము తెగిన సవరణ ఎంత చేటు తెచ్చునో 2008లో లోకము చూచినది. డెబియన్ అనే సాఫ్ట్‌వేరు పంపిణీవారు 2006లో ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే రహస్యలిపి ప్రోగ్రాములో తమ కూర్పుకు మాత్రము ఒక చిన్న మార్పు చేసినారు. ఒక పరీక్షా పనిముట్టు చేసిన ఫిర్యాదును అణచుటకు చేసిన మార్పు అది. తీసివేసిన పంక్తులే తాళపుచెవుల తయారీకి కావలసిన యాదృచ్ఛికతను కలిపే పంక్తులు. మిగిలినది ప్రోగ్రాము నడిచేటప్పుడు ఇచ్చే క్రమసంఖ్య ఒక్కటే. దానికి సాధారణ గరిష్ఠము 32,768. ఊహింపనలవికాని తాళపుచెవి, ఒక రకము యంత్రమునకు, ఒక పొడవుకు 32,768 చెవుల గుత్తిలో ఒకటిగా తేలినది. ఈ దోషము 2008 మేలో బయటపడువరకు యెవరికీ తెలియలేదు. అదే సవరణ ఎగువన చేరి, అక్కడి పరీక్షకు నిలవవలసి వుంటే ఇంతకాలము దాగి వుండేదా అని అడగక తప్పదు.

కనుక లైనక్స్ వారి మర్యాదలో మొదటి సగము ప్రశంసనీయము. ఇక రెండవ సగము.

సంఖ్య మనకు ఏమి చెబుతుంది? ఈ సవరణ ఏ సవరణకు సంతతియో చెబుతుంది. పోలికలో అచ్చముగా తండ్రియేనా అన్నది చెప్పదు. అసలు చూచి వ్రాసినానని నకలు కింద వ్రాసినంత మాత్రమున నకలులో తప్పు లేదని కాదు. ఈ రెండు సంగతులను కలిపి చూడడమే ఈ మర్యాదను అనుసరించేవారు సాధారణముగా చేసే పొరపాటు. ఎగువ సంఖ్య కనబడగానే, అక్కడ పెద్దలు చూచి ఒప్పుకొన్నదే గదా అని చదువరి ముందుకు పోతాడు.

దీనికి నిదర్శనము 2019లో దొరికినది. అంతకు ముందటి యేడు, 2018 జనవరిలో, స్పెక్టర్ అనే దోషము వెల్లడి అయినది. నేటి ప్రాసెసర్లు వేగము కొరకు, ఒక షరతు నిజమో కాదో తేలక ముందే ఊహించి తరువాతి పని మొదలు పెడతాయి. ఊహ తప్పితే పనిని రద్దు చేసుకొంటాయి. కాని రద్దయిన పని తాత్కాలిక స్మృతిలో ఆనవాలు విడిచిపోతుంది. పట్టికలో పది గదులు మాత్రమే వుండగా పరుల రహస్యమున్న నూరవ గదిని ఊహలో చదివించి, ఆ ఆనవాలును బట్టి రహస్యమును రాబట్టవచ్చు. దీనికి విరుగుడు యేమిటంటే, గది సంఖ్యను ముందుగా హద్దులోనికి బిగించడము, ఆ పిమ్మట పట్టికను చదవడము. రెండే పంక్తులు. మొదట బిగింపు, తరువాత చదువు.

కెర్నెల్‌లో ఒక చోట ఎగువన ఇట్లే దిద్దినారు. దానిని దిగువ కూర్పులకు తెచ్చినప్పుడు ఆ రెండు పంక్తులు తారుమారు అయినవి. ముందు చదువు, తరువాత బిగింపు! గుర్రము పారిపోయిన తరువాత లాయము తలుపు మూసినట్లయినది. ప్రోగ్రాము మామూలుగానే నడిచినది. సాధారణ పరీక్షలలో ఏమీ కనబడదు. ఎందుకంటే ఫలితములో భేదము లేదు, భేదమంతా ప్రాసెసర్ ఊహలో మాత్రమే వున్నది. 4.4, 4.9, 4.14, 4.19, 5.2 అనే అయిదు శ్రేణులలో ఈ పొరపాటు వున్నట్లు 2019 సెప్టెంబరులో ప్రకటితమైనది. దానికి సీవీఈ 2019-15902 అని నమోదు సంఖ్య ఇచ్చినారు. తొలగించదలచిన దోషమును ఈ సవరణ మరల నిలిపినదని ఆ నమోదులోనే వున్నది.

తల మీద వేసే ఎగువ సంఖ్య ఎంత సరిగా వున్నా, ఇటువంటి తారుమారును అది పట్టియివ్వజాలదని దీనివల్ల స్పష్టము.

ఇక్కడ ఆ నిబంధనలు వ్రాసినవారి పక్షమున ఒక మాట చెప్పాలి. ఎగువ సవరణకు భిన్నముగా మార్చవలసి వస్తే, ఆ మార్పును చాలా స్పష్టముగా వివరించి, కారణము చూపి తీరాలని వారు వ్రాసే వున్నారు. నియమము లేదన్న ఆక్షేపణ చెల్లదు. నా ఆక్షేపణ నియమము రూపము మీద. సంతతి చెప్పే పంక్తికి ఒక స్థానము, ఒక రూపము వున్నది. అది లేకపోతే వెంటనే కనబడుతుంది. భేదము చెప్పే పంక్తికి అటువంటి నిర్బంధ స్థానము లేదు. చేసినవారు సంతకమునకు ముందు చదరపు కుండలీకరణములలో ఒక ముక్క వ్రాసే ఆచారము వున్నది. వ్రాస్తే వున్నది, లేకపోతే లేదు. భేదము లేదు కనుక వ్రాయలేదా, వున్నా వ్రాయలేదా అన్నది చదువరికి తెలియదు. మౌనమునకు రెండు అర్థములు వచ్చే చోట మౌనమును అనుమతించరాదు. పరీక్షలో ఖాళీ వదిలిన జవాబుకు, సున్నా అని వ్రాసిన జవాబుకు గల భేదము లెక్కల ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

పనిముట్టు కూడ ఇదే బలహీనతను ప్రదర్శిస్తున్నది. గిట్‌లో ఒక కమిట్‌ను ఏరి మరొక శాఖకు తెచ్చుటకు చెర్రీపిక్ అనే ఆజ్ఞ వున్నది. దానికి ఎక్స్ అన్న గుర్తు చేర్చితే, ఫలానా కమిట్ నుండి ఏరి తెచ్చినది అన్న పంక్తి సందేశము చివర దానంతట అదే పడుతుంది. ఒకప్పుడు అడగకపోయినా పడేది. తరువాత అడిగితేనే పడేటట్లు మార్చినారు. మార్పుకు కారణము సరియైనదే: తన సొంత శాఖలోని కమిట్ సంఖ్యను వ్రాస్తే పరులకు అది ఎందుకూ కొరగాదు. కాని ఘర్షణ లేకుండా అతికిన సవరణలకు మాత్రమే ఈ పంక్తిని చేర్చుట జరుగునని ఆ ఆజ్ఞ కరదీపికలో వున్నది. ఘర్షణ అంటే కొత్త సవరణ పాత పాఠముతో పొసగక, మనిషి చేయిపెట్టి సరిచేయవలసి వచ్చిన సందర్భము. మూలముతో పోల్చి చూడవలసిన అవసరము అక్కడనే హెచ్చు. సులువైన చోట హామీ ఇచ్చి, కష్టమైన చోట హామీని విరమించుకొనే పద్ధతి ఇది.

ఇందుకు మెరుగైన మాదిరి లేకపోలేదు. పైన చెప్పిన డెబియన్ వారే 2009లో డెప్-3 అనే సూచనలను రూపొందించినారు. అందులో ప్రతి ప్యాచికి ఆరిజిన్, అనగా పుట్టుక, అన్న గడి వున్నది. ఎగువ నుండి ఉన్నదున్నట్లు తెచ్చినదైతే అప్‌స్ట్రీమ్ అని, పాత కూర్పుకు తగినట్లు మార్చినదైతే బ్యాక్‌పోర్టు అని, పంపిణీవారిదైతే వెండర్ అని వ్రాయవచ్చు. ఎగువవారికి పంపినారా లేదా అని చెప్పుటకు ఫార్వర్డెడ్ అన్న మరొక గడి వున్నది. ఒక్క మాటతో చదువరికి జాగ్రత్త కలుగుతుంది: ఇది మార్చినది, పోల్చి చదువు అని. దీనిలోను కొరత వున్నది. మార్చినామని చెబుతుందే గాని, ఏమి మార్చినదీ చెప్పుటకు ప్రత్యేకముగా గడి లేదు. అయినా దారి సరియైనది.

ఈ మర్యాదలు బొత్తిగా లేనిచోట ఏమవుతుందో తెలుగువారికి అనుభవమే. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులలో ఒక తెలుగు అక్షరము కనబడగానే ప్రోగ్రాములు కూలిపోయినవి. ఆ అక్షరము జ్ఞా. జకారము, దానికింద ఞకార వత్తు, ఆ తరువాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, పిమ్మట దీర్ఘము: ఈ వరుసను తెరమీద పేర్చుటలో ఆ యంత్రము తబ్బిబ్బు అయినది. మధ్య గుర్తు లేని మామూలు జ్ఞానమునకు ఏ ఇబ్బందీ లేదు. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని వరుసలకు కూడ ఇదే గతి పట్టినది. తయారవుతున్న 11.3 కూర్పులో ఈ దోషము అప్పటికే లేదు. జనము చేతిలోని కూర్పుకు సవరణను తెచ్చి, 11.2.6 అన్న పేరుతో ఫిబ్రవరి 19న విడుదల చేసినారు. అనగా ఇదియు ఒక విధముగా బ్యాక్‌పోర్టే.

దానితో వచ్చిన వివరణ ఏమిటి? కొన్ని అక్షరముల వరుసలను వాడితే ప్రోగ్రాములు కూలే సమస్యను దిద్దినామని మాత్రమే. రక్షణ సంబంధమైన ప్రకటనలో, లోనికి వచ్చే సమాచారమును మెరుగుగా పరీక్షించి దిద్దినామని మరొక పంక్తి. తెలుగు పేరు ఎత్తలేదు. ఏ వరుసలు, ఏ నియమమున కూలినవి, సవరణ ఎక్కడ పడినది అన్నవి బయటివారు చూచుటకు లేవు. సవరణ వేగముగా వచ్చినదని మెచ్చుకొనవలసిందే. కాని తెలుగులో వున్న వేలకొలది సంయుక్తాక్షరములలో మిగిలినవి క్షేమమేనా అని తెలుగు లిపి తెలిసినవాడు పరీక్షించబోతే, ఆ వివరణ అతనికి ఒక్క దారియు చూపదు. మూలపాఠము తెరచి వుంచి, సందేశము వివరముగా వ్రాసిన చోట, మదనపల్లెలో కూర్చున్న విద్యార్థి కూడ సవరణను చదివి, ఫలానా వత్తును మరచినారని వ్రాయగలడు. ఓపెన్ సోర్స్ ఇచ్చే మేలు ఇదే. సందేశము సరిగా లేకపోతే ఆ మేలులో సగము పోయినట్లే; తలుపు తెరచి దీపము ఆర్పినట్లు వుంటుంది.

మరి ఏమి చేయాలి? మన రిజిస్ట్రారు కచేరీలో సవరణ దస్తావేజు వ్రాయించుకొన్న రైతుకు ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. సర్వే నెంబరు తప్పుపడితే, ఆ దస్తావేజులో అసలు దస్తావేజు నెంబరు, సంవత్సరము చెప్పి వూరుకోరు. అందులో ఇట్లు వున్నది, అది ఇట్లు వుండవలెను అని రెండు పాఠములు చూపుతారు. బ్యాక్‌పోర్టు సందేశములో కూడ నాలుగు సంగతులు తప్పనిసరి కావాలి. ఒకటి, ఎగువ కమిట్ సంఖ్య, శీర్షిక. రెండు, ఉన్నదున్నట్లా, మార్చినదా అని ఒక్క మాట. మూడు, మార్చినదైతే ఏ భాగము, ఎట్లు, ఎందుకు. నాలుగు, ఈ పాత కూర్పు మీద దేనితో పరీక్షించినారు. రెండవ గడి ఖాళీగా వుంటే సవరణను స్వీకరించరాదు.

ఇది నిర్వాహకుల మీద మోయలేని బరువు కాదా అని ఆక్షేపించవచ్చు. నిలకడ శాఖల విడుదల ఒక్కొక్కదానిలో వందలకొద్ది సవరణలు చేరుట కద్దు. దిద్దేవారు కొద్దిమంది. ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయరాదు. కాని రెండవ గడిని నింపుటకు మనిషి అక్కరలేదు. గిట్‌లోనే ప్యాచ్-ఐడి అనే ఆజ్ఞ వున్నది. పంక్తుల సంఖ్యలను, ఖాళీలను విడిచి, సవరణ సారమునకు ఒక సంఖ్య కడుతుంది. ఎగువ సవరణకు, దిగువ సవరణకు ఈ సంఖ్య ఒకటే అయితే ఉన్నదున్నట్లు అని యంత్రమే వ్రాయవచ్చు. వేరైతే యంత్రము ఆగి, ఏమి మార్చినారని మనిషిని అడగాలి. చుట్టుపక్కల పంక్తులు మాత్రమే భిన్నముగా వున్నా సంఖ్య వేరు కావచ్చును. అప్పుడు, చుట్టుపక్కల పంక్తులు మాత్రమే వేరు, అన్న ఒక్క ముక్క చాలు. తారుమారు అయిన రెండు పంక్తులు ఇట్టి ప్రశ్నకు జవాబు వ్రాసేటప్పుడు కంటబడి వుండేవని రూఢిగా చెప్పలేము. కాని ప్రశ్న వేయనిచోట కంటబడుటకు అవకాశము ఇంకా తక్కువ.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఒక పూటలో చేయించవచ్చు. ఏదైనా పాఠము పాత ముద్రణ, కొత్త ముద్రణ తీసుకొని, కొత్తదానిలోని ఒక సవరణను పాతదానికి చీటీగా వ్రాయమనండి. ఒక జట్టు చీటీ మీద పుట సంఖ్య మాత్రము వ్రాయాలి. రెండవ జట్టు పైన చెప్పిన నాలుగు సంగతులలో మొదటి మూడు వ్రాయాలి. కొన్ని చీటీలలో ఒక మాటను కావాలని తారుమారు చేయించండి. తరువాత మూడవ జట్టును పిలిచి, కొత్త ముద్రణను వారి చేతికియ్యక, ఏ చీటీలను మరొకసారి పోల్చి చూడాలో చెప్పమనండి. మొదటి జట్టు చీటీలలో ఏది అనుమానింపదగినదో వారు చెప్పలేరు, ప్రతిదానిని పోల్చవలసిందే. రెండవ జట్టు చీటీలలో ఎక్కడ చూడాలో చీటీయే చెబుతుంది.